లేని కాలు ఎందుకు నొప్పెడుతుంది?

మా మామయ్యది శాలిబండ. షుగర్‌తో పుండు మానక ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి "ఒరేయ్, బొటనేలు మెలితిప్పినట్టు అయితుందిరా" అన్నాడు. ఏ బొటనవేలు? లేని కాలిది! పిచ్చి లేసిందంటారని అన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదట.

ఇది పిచ్చి కాదు ఫ్రెండ్స్. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులకు వైద్యం చేసిన సైలస్ వైర్ మిచెల్, 1871లోనే దీన్ని 'ఫాంటమ్ లింబ్' అన్నాడు. ఆపరేషన్ నొప్పి తెలియకుండా చేసే క్లోరోఫాం మీద 1888, 1889లలో మన హైదరాబాద్‌లోనే, నిజాం ఖర్చుతో, రెండు కమిషన్లు పరీక్షలు జరిపాయి. కోసేటప్పటి నొప్పికి మందు దొరికింది. కోసేశాక వచ్చే ఈ నొప్పి మాత్రం ఇంకా సతాయిస్తూనే ఉంది.

అసలు జరిగేదేంటి? మెదడు పైపొరలో శరీరానికి ఒక మ్యాప్ ఉంటుంది. పాదానికో చోటు, చేతికో చోటు, ముఖానికో చోటు. కాలు పోయినా మ్యాప్‌లో దాని చోటు పోదు. ఆర్డ్వినోలో ఏ వైరూ తగిలించని పిన్‌ను చదివితే ఏవేవో విలువలు వస్తాయి కదా, కొంచెం అలాంటిదే. పైగా తెగిన నరాల కొసలు గడ్డకట్టి, వాటంతటవే సిగ్నల్స్ పంపుతాయి. వెన్నుపాము వాటిని ఇంకా పెంచుతుంది. మెదడేమో పాత అలవాటు కొద్దీ "ఇది పాదం నుంచి వచ్చింది" అనుకుంటుంది.

ఖాళీ అయిన చోటును పక్క భాగాలు ఆక్రమించడమే నొప్పికి కారణమని 1990లలో గట్టిగా నమ్మారు. ముందే చెయ్యి పోయినవాళ్ల మెదడులో చేతి మ్యాప్ చాలావరకు అలాగే ఉందని 2013 తర్వాతి స్కానింగ్ పరిశోధనలు చూపించాయి. వాదన ఇంకా తెగలేదు.

వి.ఎస్. రామచంద్రన్ దీనికి ఒక అద్దంతో ఉపాయం కనిపెట్టారు. రెండు కాళ్ల మధ్య అద్దం నిలబెట్టి, ఉన్న కాలిని కదిలిస్తే, లేని కాలు కదిలినట్టు కనిపిస్తుంది. "కదులు" అన్న ఆర్డర్‌కు జవాబు రాక ఇబ్బంది పడే మెదడుకు, కంటి నుంచి జవాబు దొరుకుతుందన్నది ఆయన ఆలోచన. 2007లో కాలు పోయిన సైనికుల మీద చేసిన చిన్న పరీక్షలో, నాలుగు వారాలు అద్దం వాడినవాళ్లకు నొప్పి తగ్గింది. అందరికీ పనిచేస్తుందని మాత్రం కాదు.

ఫిజియోథెరపిస్టును అడిగి, చార్మినార్ దగ్గర ఒక నిలువుటద్దం కొన్నాను. మొదటిరోజు మామయ్య అందులో రెండు పాదాలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు లేచినప్పుడు దాచుకోకుండా చెప్తున్నాడు. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా అంటే, నవ్వకండి. నమ్మి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.