ఈశాన్య రుతుపవనాల్లో కెమెరా డ్రోన్ సంరక్షణ

నవంబరు నుంచి మార్చి దాకా సాగే ఈశాన్య రుతుపవనాల కాలంలో మలేసియా సేద్యగాళ్లకు కెమెరా డ్రోన్‌తో పని ఎక్కువ, డ్రోన్‌కు ముప్పూ ఎక్కువ. తూర్పు తీరాన కెలాంతాన్, తెరెంగాను, పహాంగ్ రాష్ట్రాలను వరదలు ముంచెత్తేది ఎక్కువగా ఈ నెలల్లోనే. పశ్చిమ తీరాన పేరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతూ, తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ప్రాంతం. అక్కడి భూమి పల్లపుది. కొబ్బరి, పామాయిల్ తోటలను సముద్రపు పోటు నుంచి మట్టికట్టలు కాపాడుతుంటాయి, వాననీటిని మురుగు కాలువలు బయటికి తోడుతుంటాయి. ఏ కాలువ పూడింది, ఏ వరసలో చెట్ల మొదళ్ల దగ్గర నీరు నిలిచింది, కట్ట ఎక్కడ కోసుకుపోతోంది అన్నవి పైనుంచి చూస్తే నిమిషాల్లో తేలిపోతాయి. అందుకే వాన పడుతుండగానే డ్రోన్ ఎగరేయాలన్న తొందర పుడుతుంది. చాలా డ్రోన్లు పాడయ్యేది ఆ తొందరలోనే.

తోట ఫోటోల కోసమైతే వానలో ఎగరేయడం వల్ల ప్రయోజనం లేదు. తడిసిన ఆకు మీద వెలుతురు మెరిసి అసలు రంగు కనబడదు. గాలికి మట్టలు ఊగితే ఒక ఫోటోకూ పక్క ఫోటోకూ పొంతన కుదరదు, వాటిని కలిపి పటం తయారుచేయడం కష్టమవుతుంది. ఆకు ఆరోగ్యాన్ని కొలిచే మల్టీస్పెక్ట్రల్ కెమెరాకు ఇది మరీ నష్టం. డ్రోన్ పైభాగాన ఎండను కొలిచే సెన్సార్ మీద ఒక్క చినుకు నిలిచినా లెక్క తప్పుతుంది. వాన వెలిసి ఆకులు ఆరాక తీసిన ఫోటోలే పనికొస్తాయి. కట్ట తెగడం, వరద తోటలోకి రావడం వంటి ఆపద వేళ మాత్రమే వానలో ఎగరేయడానికి తగిన కారణం ఉంటుంది.

వేళ ఎంచుకోవడమే మొదటి రక్షణ. పశ్చిమ తీరంలో ఈ నెలల్లో ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత, సాయంత్రం పూట కురుస్తాయి. పొద్దున మంచు ఆరిన దగ్గర నుంచి పదకొండు గంటల లోపు పని ముగించుకోవడం మేలు. రుతుపవనాలు మారే ఏప్రిల్, అక్టోబరు నెలల్లో మధ్యాహ్నపు పిడుగులు మరింత తీవ్రం. నైరుతి రుతుపవనాల కాలంలో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. సుమత్రా వైపు నుంచి జలసంధి దాటి వచ్చే గాలివానల వరుసలు తెల్లవారుజామున, పొద్దుపొద్దున్నే తీరాన్ని తాకుతాయి. ఏ కాలంలోనైనా మలేసియా వాతావరణ శాఖ హెచ్చరికలు, రాడార్ చిత్రం చూశాకే డ్రోన్ పెట్టె తెరవాలి. ఉరుము వినబడితే ఎంత గట్టి డ్రోన్ అయినా కిందికి దించాల్సిందే.

అక్కడి నీటిపారుదల, మురుగునీటి శాఖ లెక్కలో గంటకు 10 మిల్లీమీటర్ల వరకు పడేది తేలికపాటి వాన, 30 వరకు మధ్యస్థం, 60 వరకు భారీ, ఆపైన అతి భారీ. సేద్యగాళ్ల దగ్గర సాధారణంగా ఉండే మడత డ్రోన్లకు నీటి నుంచి రక్షణ ఉందని తయారీదారులే చెప్పరు. మావిక్ 3 మల్టీస్పెక్ట్రల్ కూడా ఈ కోవలోదే. అలాంటివాటికి తేలికపాటి వాన కూడా పనికిరాదు. వేడి తగ్గించడానికి పెట్టిన గాలిరంధ్రాల గుండా నీరు సర్క్యూట్ బోర్డు మీదికి చేరుతుంది. కెమెరాను కుదుపుల్లేకుండా పట్టే గింబల్ చిన్న మోటార్లకూ పైకప్పు ఉండదు. గాలి పీడనంతో ఎత్తును కొలిచే సెన్సార్ తడిస్తే డ్రోన్ తన ఎత్తునే తప్పుగా లెక్కిస్తుంది.

నీటిని తట్టుకునే డ్రోన్ల మీద ఐపీ అనే గుర్తు ఉంటుంది. అందులో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి సంబంధించింది. 2020లో వచ్చిన మ్యాట్రిస్ 300 ఆర్‌టీకేకు ఐపీ 45, 2023లో వచ్చిన మ్యాట్రిస్ 350కి ఐపీ 55 ఉన్నాయి. రెండో అంకె 5 అంటే గొట్టంతో చిమ్మిన నీటిని కొన్ని నిమిషాలు తట్టుకుందని అర్థం. ఆ పరీక్ష కొత్త డ్రోన్ మీద, మంచినీటితో జరుగుతుంది. రబ్బరు సీళ్లు పాతబడితే, మూతలు సరిగా బిగించకపోతే ఆ హామీ నిలవదు. చాలామంది గమనించని మరో సంగతి కెమెరాది. డ్రోన్‌కున్న రక్షణ దానికి తగిలించిన కెమెరాకు వర్తించదు. పటాలు తీసే జెన్మ్యూస్ పీ1 కెమెరాకు ఉన్నది ఐపీ 4ఎక్స్ మాత్రమే, అంటే నీటి నుంచి రక్షణ హామీ ఏమీ లేదు. మందు కొట్టే డ్రోన్ల సంగతి వేరు. వాటిలో చాలావాటి కీలక భాగాలు ఐపీ 67 స్థాయిలో ఉంటాయి కాబట్టి పని అయ్యాక నీళ్లు పోసి కడుగుతారు. ఆ అలవాటుతో కెమెరా డ్రోన్‌ను కడగకూడదు.

గాలిలో ఉండగా వాన అందుకుంటే డ్రోన్‌ను చేతి నియంత్రణలో తెచ్చుకోవడం మంచిది. దానంతట అది తిరిగివచ్చే పద్ధతిలో ముందు పైకి లేస్తుంది, అక్కడ గాలి ఉధృతం ఎక్కువ. ముందున్న అడ్డంకులను చూసే కెమెరాల మీద చినుకులు నిలిస్తే లేని అడ్డంకి ఉందనుకుని ఆగిపోవచ్చు. నీరు నిలిచిన మడి మీద తక్కువ ఎత్తులో ఎగిరితే కింది సెన్సార్లు ప్రతిబింబానికి మోసపోతాయి. దగ్గరలోని మెరక మీద, కట్ట మీద లేదా బండి మీద దించాలి. ఎగిరినంతసేపూ డ్రోన్ కంటికి కనబడుతుండాలి. వాన తెరలో అది మసకబారిందంటే వెనక్కి రప్పించాల్సిన సమయం దాటిపోతున్నట్టే.

దిగిన వెంటనే పవర్ ఆపి, పైన తుడిచి, బ్యాటరీ తీయాలి. తుడవకుండా తీస్తే పైనున్న నీరు బ్యాటరీ అరలోకి జారుతుంది. రక్షణ గుర్తు లేని డ్రోన్ తడిస్తే "పనిచేస్తుందా" అని ఆన్ చేసి చూడటమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నీరు చేరిన బోర్డును కాల్చేది కరెంటే. కాళ్లు విప్పి ఉంచి, ఫ్యాను గాలిలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. మండుటెండ, హెయిర్ డ్రైయర్ వేడి పనికిరావు. బియ్యంలో పాతిపెట్టడం వల్ల తేమ పెద్దగా పోదు, బియ్యపు పిండి మాత్రం గింబల్ సందుల్లో చేరుతుంది. తడిసి ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయకూడదు, ఇంటికి దూరంగా పెట్టాలి.

సముద్రపు కట్టల మీద ఎగరేసేవారికి వాన కంటే ఉప్పునీటి తుంపర ప్రమాదకరం. వాననీరు ఆరితే పోతుంది. ఉప్పు మిగిలి రాగి తీగలను, మోటారు బేరింగులను తినేస్తుంది. ప్రతిసారీ మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. ఉప్పునీటిలో పడిన డ్రోన్‌ను మరమ్మతుదారు విప్పి బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసేదాకా ఎగరేయకూడదు.

వాన లేని రోజుల్లోనూ మలేసియా గాలిలో తేమ విపరీతం. ఏసీ గదిలోంచి తీసుకువచ్చిన చల్లని డ్రోన్‌ను తోటలో తెరవగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, లోపలి బోర్డు మీదా పడుతుంది. పెట్టె మూసి ఉంచి అరగంట బయట ఉంచాక తెరిస్తే ఆ బెడద ఉండదు. నిల్వకు తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్ మేలు, లేదంటే సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని పెట్టె చాలు. రంగు మారిన జెల్‌ను వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు. లెన్స్‌కు బూజు పట్టేది ఎక్కువగా వారాల తరబడి పెట్టె తెరవని ఈ నెలల్లోనే. బ్యాటరీలను సగం ఛార్జ్‌తో విడిగా ఉంచి, పదిహేను రోజులకోసారి డ్రోన్‌ను బయటికి తీసి, మోటార్లను వేలితో తిప్పి చూడాలి. గరగరమంటే బేరింగు తుప్పు పట్టినట్టే, ఆ మోటారు మార్చాకే ఎగరేయాలి.