సూపర్‌ఛార్జరు బిగిస్తే నికరంగా మిగిలేదెంత?



నేను కామర్సు చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంజను విప్పడం నాకు చేతకాదు. అయినా ఈ పాఠం రాయడానికి కారణం మా చెల్లెలి మనవడు. అతను కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తూ 1994 మోడలు మాజ్డా మియాటా కారొకటి సెకండ్‌హ్యాండులో కొన్నాడు. మాజ్డా అంటే మన ఊళ్ళలో తెలిసింది స్వరాజ్ మాజ్డా వ్యానే గాని, ఆ కంపెనీ 1989లో రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు కూడా విడుదల చేసింది. అదే మియాటా. మొదట 1.6 లీటర్ల ఇంజను, 1994 నుంచి 1.8 లీటర్లు. అమెరికాలో ఆ 1.8 ఇంజను పవరు 128 హార్స్‌పవర్.

"తాతయ్యా, దీనికి సూపర్‌ఛార్జరు కిట్టు బిగిస్తే నలభై శాతం పవరు పెరుగుతుందట. కొనమంటారా?" అని ఫోనులో అడిగాడు.

"ఆ నలభై శాతం గ్రాసా, నెట్టా?" అన్నాను.

నవ్వాడు గాని జవాబు చెప్పలేకపోయాడు. మెకానికల్ ఇంజనీరింగు చదివినవాడే. ఆ తరువాత నాలుగైదు ఆదివారాలు మేమిద్దరం ఫోనులోనే కూర్చుని లెక్క తేల్చాం. ప్లస్ టూ, పి.యు.సి. భౌతికశాస్త్రం వచ్చినవారెవరైనా ఈ లెక్క చేయవచ్చు.

ముందు మూలసూత్రం. ఇంజను పవరుకు హద్దు పెట్టేది పెట్రోలు కాదు, గాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు, గాలి మాత్రం పిస్టను కిందికి దిగినప్పుడు బయటి వాతావరణం నెట్టినంతే లోపలికి వస్తుంది. సముద్ర మట్టం దగ్గర ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌన్లు. రెండు చోట్లా 14.7 రావడం కేవలం కాకతాళీయం, పరీక్షలో తికమకపడవద్దు.

సూపర్‌ఛార్జరు అంటే ఇంజను చేతనే బెల్టుతో తిరిగే గాలి పంపు. మియాటా కోసం అమెరికాలో అమ్మిన జాక్సన్ రేసింగ్ కిట్లలో ఈటన్ కంపెనీ వారి ఎం45 అనే పంపు ఉండేది. అది రూట్స్ రకం. అమెరికాలోని ఇండియానాకు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన యంత్రానికి వారసురాలన్నమాట. అప్పట్లో దానిని కొలుములకు గాలి ఊదడానికి వాడేవారు. లోపల రెండు రోటర్లు ఒకదానినొకటి తాకకుండా ఎదురెదురుగా తిరుగుతూ గాలిని ఈ వైపు నుంచి ఆ వైపుకు మోస్తాయి. ఇంజను మింగగలిగిన దానికంటే ఎక్కువ మోసుకొస్తే ఆ గాలి మ్యానిఫోల్డులో క్రిక్కిరిసి ఒత్తిడి పెరుగుతుంది. ఆ అదనపు ఒత్తిడినే బూస్టు అంటారు. ఇలాంటి కిట్లలో అది 6 పౌన్ల ప్రాంతంలో ఉంటుంది.

ఇక జమాఖర్చులు.

14.7కు 6 కలిపితే 20.7. దీనిని 14.7తో భాగిస్తే 1.41. మావాడు చెప్పిన నలభై శాతం ఇక్కడిదే. 128ని 1.41తో గుణిస్తే 180 హార్స్‌పవర్. ఇది గ్రాసు.

మొదటి ఖర్చు వేడి. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగు వెచ్చబడడం అందరికీ తెలుసు. బయట 30 డిగ్రీలుంటే, అంటే 303 కెల్విన్ ఉంటే, ఏ నష్టమూ లేని పంపులో సైతం ఈ ఒత్తిడికి గాలి 31 డిగ్రీలు వేడెక్కుతుంది. రూట్స్ పంపు సామర్థ్యం 60 శాతం అనుకుంటే పెరుగుదల 52 డిగ్రీలు. గాలి 82 డిగ్రీలకు, అనగా 355 కెల్విన్‌కు చేరుతుంది. వేడి గాలి పలుచన. ఇంజను పరీక్షల్లో వాడే సవరణ సూత్రం ప్రకారం పవరు ఉష్ణోగ్రత వర్గమూలానికి విలోమంగా మారుతుంది. 303ని 355తో భాగించి వర్గమూలం తీస్తే 0.924. 180ని దానితో గుణిస్తే సుమారు 167.

రెండవ ఖర్చు పంపును తిప్పే కూలి. 6,500 చుట్ల దగ్గర ఈ ఇంజను సెకనుకు సుమారు 0.125 కిలోల గాలి తీసుకుంటుంది. దానిని 52 డిగ్రీలు వేడెక్కించడానికి పట్టిన శక్తి అంతా బెల్టు ద్వారా ఇంజను ఇచ్చిందే. అది 6.5 కిలోవాట్లు, అంటే 9 హార్స్‌పవర్. బేరింగుల రాపిడి వేరు. 167లో 9 పోతే 158. ఒత్తిడి గాలి పీల్చే స్ట్రోకులో పిస్టనును కిందికి నెట్టి ఈ కూలిలో కొంత తిరిగి ఇస్తుంది, ఆ చిన్న జమ నేను వేయలేదు. కాగితం మీద నికరం 30 హార్స్‌పవర్, 23 శాతం. నలభైకి, దీనికి తేడా చూడండి.

పంపు తరువాత ఇంటర్‌కూలరు పెట్టి గాలిని 50 డిగ్రీలకు దించి, అవే 6 పౌన్లు నిలపగలిగితే ఇదే లెక్కన 166 వస్తుంది. అలా నిలపడానికి పంపు పుల్లీ మరికాస్త చిన్నది వేయాల్సి రావచ్చు. అప్పుడు కూలి కూడా కొద్దిగా పెరుగుతుంది.

ఇంత వరకు లాభం సంగతి. నష్టభయం పెట్రోలు దగ్గర ఉంది. గాలి 30 శాతం పెరిగితే పెట్రోలూ అంత పెరగాలి. పాత కిట్లలో కంప్యూటరును మార్చకుండా పెట్రోలు లైనులో ఒత్తిడి పెంచేవారు. కాని ఇంజెక్టరు నుంచి వచ్చే పెట్రోలు ఒత్తిడి వర్గమూలం ప్రకారమే పెరుగుతుంది. 1.3 రెట్లు రావాలంటే ఒత్తిడి 1.69 రెట్లు కావాలి. లైనులో 43 పౌన్లుంటే 73కు పోవాలి. ముప్పై ఏళ్ళ నాటి పెట్రోలు పంపు అంత ఇవ్వకపోతే మిశ్రమం పలుచబడుతుంది. వేడి గాలి, పలుచని మిశ్రమం కలిస్తే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట పేలుతుంది. దీనినే నాకింగు అంటారు. పిస్టను అంచులు పగలడానికి అది చాలు. అందుకే పూర్తి బూస్టులో ఒక పాలు పెట్రోలుకు 12 పాళ్ళకు మించకుండా గాలి ఉంచుతారు, స్పార్కు వచ్చే సమయాన్ని కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతారు, ఎక్కువ ఆక్టేను పెట్రోలే పోస్తారు.

బిగించే పని ఒక క్రమంలో జరగాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పడం, పాత గాలి పైపులు తీయడం, బ్రాకెట్టు, పంపు, పుల్లీలు అమర్చడం, బెల్టు ఒకే గీతలో నడుస్తోందో లేదో స్కేలు పెట్టి చూడడం, వాక్యూం హోసులు ఒక్కటీ మరచిపోకుండా కలపడం, ఒక మెట్టు చల్లని రకం ప్లగ్గులు వేయడం. చివర గాలి, పెట్రోలు పాళ్ళు చూపే వైడ్‌బ్యాండు మీటరు పెట్టి, నెమ్మదిగా నడిపి, డైనో మీద సరిచూడడం. ఓపికగలవాడు కిట్టుతో వచ్చిన పుస్తకం చూసి చేసుకోగలడు. వీటన్నిటికంటే ముందు చేయవలసినది మాత్రం వేరే ఉంది, అది కంప్రెషన్ పరీక్ష. అప్పు ఇచ్చేముందు పాత ఖాతా చూసినట్లే.

మావాడు ఇది అనవసరమన్నాడు. బండి బాగానే పోతోంది కదా అని వాదన. పట్టుబట్టి చేయించాను. మూడు సిలిండర్లలో 175 పౌన్ల చుట్టూ వచ్చింది, మూడవ దానిలో 130. ఆ సిలిండరులో ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్ళీ చూస్తే 160కి లేచింది. ఆయిలు పోస్తే లేచిందంటే వాల్వులది కాదు తప్పు, పిస్టను రింగులది. సందులను ఆయిలు తాత్కాలికంగా మూసింది. అలాంటి సిలిండరు మీద 6 పౌన్లు అదనంగా రుద్దితే ఏమయ్యేదో వాడే చెప్పాడు, నేను చెప్పలేదు. రెండు రోజులు కోపంగా ఉన్నాడు. కిట్టుకని దాచిన డబ్బు ఇప్పుడు రింగులకు, బోరింగుకు పోతోంది.

మరో సంగతి కూడా తెలిసింది. కాలిఫోర్నియాలో రోడ్డు మీద తిరిగే కారుకు ఇలాంటి కిట్టు బిగించాలంటే అక్కడి వాయు వనరుల బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డరు నంబరు దానికి ఉండాలి. లేకపోతే పొగ తనిఖీలో బండి తప్పుతుంది.

మన దేశంలో చట్టం ఇంకా గట్టిది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషనుకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తరువాత అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అన్నిటికీ మించి ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్ళు మొదట వెతికేది ఇదే. పిల్లలు ఇంట్లో ఉన్న బండి విప్పుతామంటే తల్లిదండ్రులు ఈ ముక్క చూపించండి. విప్పాలనే ఆసక్తి ఉన్నవారు కాలేజీ జట్టులో చేరవచ్చు. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతూ వచ్చిన ఫార్ములా భారత్ లాంటి పోటీలు ఉన్నాయి. ఆ పోటీల్లో పెట్రోలు ఇంజను గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండా రావాలి, సూపర్‌ఛార్జరు పెట్టినా దాని తరువాతే పెట్టాలి. రంధ్రమే హద్దు కాబట్టి అక్కడ లెక్క మరోలా తేలుతుంది.

ఇక మీకొక లెక్క. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ వాతావరణ ఒత్తిడి సుమారు 11.2 పౌన్లు. రూట్స్ పంపు ఒత్తిడిని ఎక్కడైనా దాదాపు అదే 1.41 రెట్లు చేస్తుందనుకోండి. ఊటీలో బూస్టు మీటరు ఎన్ని పౌన్లు చూపిస్తుంది? మ్యానిఫోల్డులో మొత్తం ఒత్తిడి ఎంత? సూపర్‌ఛార్జరు లేకుండా చెన్నై మెరీనా ఒడ్డున నడిచే అదే కారుతో పోల్చితే అది ఎక్కువా, తక్కువా?