అరువు విద్య

సూరత్ నగరమందలి విశ్వవిద్యాలయము నేడు వీర నర్మద్ పేరు దాల్చియున్నది. నర్మదాశంకర్ దవే 1833వ సంవత్సరమున ఆ నగరమందే జన్మించెను. 1858లో ఉపాధ్యాయవృత్తిని విడిచి, కలమునే నమ్ముకొని జీవింప నిశ్చయించెను. గుజరాతీ పదములను ఏండ్ల తరబడి ఏరి, అర్థములు నిర్ణయించి ఆయన కూర్చిన నిఘంటువు ‘నర్మకోశము’ 1873లో సంపూర్ణముగా వెలువడెను. ఒక్కొక్క మాటకు తన శ్రమను వెలగా చెల్లించిన మహనీయు డాయన.

నేడు విద్యాలోకమున దీనికి విరుద్ధమైన పోకడ యొకటి దేశమంతటను కానవచ్చుచున్నది. పరుల వాక్యములను, వారి పేరు చెప్పక, తనవిగా సమర్పించి పట్టము పొందుటయే యది. దీని నరికట్టుటకై విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో నిబంధనలు చేసెను. పరిశోధన వ్యాసమున పరుల రచనతో పోలిక నూటికి 10 పాళ్లు మించి 40 వరకు నున్నచో ఆరు నెలలలోపల సవరించి మరల సమర్పింపవలెను. 60 వరకు నున్నచో సంవత్సరకాలము సమర్పించుటకు వీలులేదు. అంతకు మించినచో నమోదే రద్దగును. కాని యంత్రము కొలుచునది మాటల పోలికను మాత్రమే. మాటలు మార్చి భావమును హరించినవానిని, కంప్యూటరు కూర్చి యిచ్చిన వ్యాసమును తన దనువానిని అది యెల్లప్పుడును పట్టజాలదు.

విద్య పంచినకొలది పెరుగునే కాని తరుగదు. ఇందు చౌర్య మెక్కడిదని కొందరు ప్రశ్నింతురు. సూరత్‌లో మగ్గములను నమ్ముకొని జీవించు తెలుగు కుటుంబము లనేకములు కలవు. నేతగాడు ఇతరులు సిద్ధపరచిన నూలునే తెచ్చుకొనును. అది దోషము కాదు. అన్యుడు నేసిన వస్త్రమును చూపి ‘ఇది నా నేత’ యనుటయే దోషము. భావములు నూలువంటివి. పూర్వులనుండి గ్రహింపక ఎవడును విద్వాంసుడు కాజాలడు. కనుకనే పెద్దలు ఋషిఋణమును చెప్పి, అధ్యయనముచే దానిని తీర్చుకొనవలెననిరి. మన కవులు కావ్యారంభమున పూర్వకవులను స్తుతించుటయు ఋణమును ఒప్పుకొనుటయే. గ్రహించుట తప్పు కాదు. ఋణమును దాచుట తప్పు.

ఈ దాపరికమువలన మొదట నష్టపోవువాడు విద్యార్థియే. మహాభారతము అరణ్యపర్వమున యవక్రీతుని కథ కలదు. గురుశుశ్రూష లేకయే వేదములు తనకు భాసింపవలెనని అతడు ఘోరతపస్సు చేసెను. ఇంద్రుడు వృద్ధుని రూపమున వచ్చి, గుప్పెడు గుప్పెడుగా ఇసుక చల్లి గంగకు వంతెన కట్టబూనెను. ‘ఇది వ్యర్థ’మని యవక్రీతుడు నవ్వగా, నీ యత్నమును ఇట్టిదే యని ఇంద్రుడు తెలిపెను. అయినను అతడు మానక వరమును సాధించెను. వేదములు లభించినవి, వినయము లభింపలేదు. గర్వాంధుడై అతడు నశించెను. శ్రమించి గురువులను మెప్పించి నేర్చిన రైభ్యుని విద్యయెదుట ఆ సులభవిద్య నిలువలేదు.

అరువు సొమ్ము బరువు చేటని లోకోక్తి. పరీక్షకుని కన్నుగప్పిన వాడు రేపు రోగియెదుటనో, శిష్యులయెదుటనో నిలువవలసివచ్చును. అప్పుడు పట్టము పలుకదు. కావున విద్యార్థి గ్రంథమును చదివి, మూసి, తాను గ్రహించినదానిని తన మాటలలో వ్రాయవలెను. ఎవరినుండి గ్రహించెనో వారి పేరు చెప్పవలెను. ఆ వ్రాత లోపములతో కూడినదైనను అతనిదే. మరునా డంతకంటె బాగుగ వ్రాయగల శక్తియు అతనికి దానివలననే కలుగును. అస్తేయవ్రతము విద్యార్థికి ఆరంభమగునది ఇచ్చటనే.