జేబులో చాకు

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చాకు మీద పాఠమా అని నవ్వకండి. వారానికి నాలుగు అట్టపెట్టెలు గుమ్మంలో దిగే కొంపలు మనవి. వాటిని మనలో చాలామంది కారు తాళంచెవితోనో, బాల్‌పెన్నుతోనో, ఓపిక నశిస్తే పళ్ళతోనో విప్పుతాం. ఆ బాధ పడలేక నేనూ ఒక మడత చాకు కొన్నాను. ఒక వేసవిలో మెక్సికో మామిడిపళ్ళ పెట్టె దానితోనే తెరిచి, పండు కోసి, టెంకలోకి మొన గుచ్చి పైకి లేపబోయాను. చాకు టక్కున ముడుచుకుని చూపుడువేలి మీద పడింది. మూడు కుట్లు. చాకు ఖరీదు ఇరవై డాలర్లు. ఎమర్జెన్సీ రూము బిల్లు ఎంతయిందో అమెరికాలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పాలా!

తప్పు చాకుది కాదు, నాది. ఎందుకో చెబుతాను.

స్విస్ ఆర్మీ చాకు లాంటి మామూలు మడత చాకుల్లో బ్లేడుని తెరిచి ఉంచేది పిడి వీపున ఉండే స్ప్రింగు ఒక్కటే. దీన్ని స్లిప్ జాయింట్ అంటారు. పదునువైపు నొక్కి కోస్తున్నంతసేపు ఆ ఒత్తిడి బ్లేడుని ఇంకా తెరిచే వైపుకే నెడుతుంది, కనక భయం లేదు. మొనతో పొడిచినా, గుచ్చి మెలితిప్పినా బలం మూసుకునే వైపుకి తిరుగుతుంది. ఆ దారిలో ఉండేవి మన వేళ్ళే. కాబట్టి ఈ రకం చాకు కోయడానికే గాని, పొడవడానికి, పెళ్ళగించడానికి కాదు. ఆ పనికి స్క్రూడ్రైవరు ఉంది.

లాక్ ఉన్నవీ దొరుకుతాయి. ఫ్రాన్సులో తయారయ్యే ఓపినెల్ చాకుకి బ్లేడు మొదట్లో ఒక ఉంగరం ఉంటుంది, దాన్ని తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది. 1955లో చేర్చిన ఏర్పాటిది. లైనర్ లాక్ అనేదానిలో పిడి లోపలి రేకు ఒకటి బ్లేడు వెనక్కి వచ్చి అడ్డుపడుతుంది. దాన్ని మూసేటప్పుడు మాత్రం బొటనవేలు సరిగ్గా బ్లేడు దారిలోనే ఉంటుంది. రేకుని పక్కకి నెట్టి, బ్లేడుని కొంచెం కదిపి, వేలు తీసేసి, అప్పుడు మూయాలి.

అయితే లాక్ ఉన్నదే కొందాం అంటారా? ముందు మీరుండే దేశం చూసుకోండి. బ్రిటన్లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం, పదును అంచు మూడంగుళాలు మించని, లాక్ లేని మడత చాకుని కారణం చెప్పకుండా జేబులో పెట్టుకుని తిరగొచ్చు. లాక్ ఉంటే ఎంత చిన్నదైనా తగిన కారణం చూపించాలి. అమెరికాలో రాష్ట్రానికో రూలు, ఊరికో రూలు. ఫెడరల్ ఆఫీసు భవనాల్లోకి రెండున్నర అంగుళాల లోపు జేబు చాకుకి చట్టంలో మినహాయింపు ఉంది గాని, గుమ్మం దగ్గర గార్డు ఒప్పుకోకపోవచ్చు. మీ కంపెనీ రూల్స్ వేరే ఉంటాయి, హెచ్.ఆర్. వాళ్ళు పంపిన కాగితం ఒకసారి చదవండి. ఇవన్నీ చూశాక, మన పనులకి రెండున్నర అంగుళాల లోపు, లాక్ లేని స్టెయిన్‌లెస్ చాకు చాలని నా అభిప్రాయం. కార్బన్ స్టీలు సులువుగా పదునెక్కుతుంది గాని, నిమ్మకాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది.

ఇక వాడకం. మనలో చాలామంది కత్తిపీట చూస్తూ పెరిగినవాళ్ళం. కత్తిపీట కదలదు, కాయే దాని మీదకి వెళుతుంది. రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి. చాకుతో వ్యవహారం తలకిందులు: కాయ ఆగాలి, కత్తి కదలాలి. పాత అలవాటు కొద్దీ మనం కాయని గుప్పిట్లో పట్టుకుని, చాకుని మనవైపు లాగుతాం. బల్ల మీద పెట్టి కోయండి. రెండో చెయ్యి బ్లేడు వెళ్ళే దారిలో ఉండకూడదు. అట్టపెట్టె టేపు కోసేటప్పుడు మొన పావంగుళం దిగితే ఎక్కువ. ఇంటినుంచి వచ్చిన ఆవకాయ పార్సిలైతే ఈ సంగతి మరీ గుర్తుంచుకోండి. నూనె ప్యాకెట్టు చిల్లిపడితే కార్పెట్టు అద్దె ఇంటిదని ఆవకాయకి తెలియదు.

మొద్దుబారిన చాకు ఎక్కువ ప్రమాదం. తెగక ఎక్కువ నొక్కుతాం, అది జారుతుంది. ఇక్కడ సైకిలు తొక్కుతూ సానపట్టేవాడు వీధిలోకి రాడు కాబట్టి ఒక సానరాయి కొనుక్కోండి. కోణం ఎంతంటే, రాయి మీద చాకుని నిలువుగా పెట్టండి: 90 డిగ్రీలు. సగం వంచితే 45, అందులో సగం 22. ఇంకొంచెం తగ్గించండి, సరిపోతుంది. బైనరీ సెర్చ్ అన్నమాట. రెండు వైపులా అదే కోణంలో, ఒకే వత్తిడితో రుద్దాలి. రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద నాలుగు సార్లు రుద్దినా తాత్కాలికంగా పని జరుగుతుంది. పదును వచ్చిందో లేదో వేలితో చూడొద్దు. కాగితం ముక్క గాలిలో పట్టుకుని కోసి చూడండి.

ఇండియా ప్రయాణం ముందురోజు మాత్రం తాళాల గుత్తి ఒకసారి తడుముకోండి. 2013 మార్చిలో అమెరికా విమానాశ్రయ భద్రతా సంస్థ టి.ఎస్.ఎ. 2.36 అంగుళాల లోపు చాకులని క్యాబిన్లోకి అనుమతిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది గొడవ చేశాక జూన్‌లో వెనక్కి తీసుకుంది. గుత్తికి వేలాడే బుల్లి చాకైనా సరే, చెక్-ఇన్ చేసే సూట్‌కేసులో గుడ్డ చుట్టి పెట్టండి.