ఆన్‌లైన్ దుకాణంలో అనుబంధ విక్రయం

హైదరాబాదు లాడ్ బజారులో గాజులు బేరమాడే వారిని అనుభవజ్ఞుడైన దుకాణదారు ముందుగా చీర రంగు అడుగుతాడు. కోరినవి కుదిరిన పిదపనే వాటి నడుమ ఒప్పే మరొక జతను ముందుంచుతాడు. ఒక వస్తువు కొనేవారికి దానితో అవసరపడే వేరొక వస్తువును చూపి అమ్మడాన్ని వాణిజ్యశాస్త్రంలో క్రాస్ సెల్లింగ్ అంటారు. దీనిని మనం అనుబంధ విక్రయం అనుకుందాం. కోరినదానికి బదులు ఖరీదైనదాన్ని అమ్మజూపడం దీనికి భిన్నమైనది.

ఎదుట మనిషి లేని ఆన్‌లైన్ దుకాణంలో ఆ ప్రశ్న అడిగేదెవరు? 1995లో పుస్తకాల అంగడిగా ప్రారంభమైన అమెజాన్ సంస్థ ఇందుకొక మార్గం కనిపెట్టింది. ఆ సంస్థ వారు 2003లో ఒక వ్యాసంలో దానిని వివరించారు. కొనుగోలుదారును కొనుగోలుదారుతో కాక, వస్తువును వస్తువుతో పోల్చడమే అందలి కీలకం. ఏయే వస్తువులను ఒకే వ్యక్తి కొంటున్నాడో ముందే పట్టికగా సిద్ధపరచి ఉంచితే, అవసరమైన క్షణంలో దానిని చూసి సూచించవచ్చు.

చిన్న దుకాణదారుకు ఇందుకు కాగితం, కలం చాలును. ఉదాహరణకు, 1000 ఆర్డర్లలో 100 మంది ఇంకు పెన్ను కొన్నారనుకుందాం. వారిలో 50 మంది నోటు పుస్తకం, 40 మంది సిరా బుడ్డి కూడా కొన్నారు. పైపైన చూస్తే నోటు పుస్తకమే చూపదగినదని తోస్తుంది. కాని మొత్తం 1000 ఆర్డర్లలో నోటు పుస్తకం 500 సార్లు, సిరా 60 సార్లు మాత్రమే ఉన్నాయనుకోండి. పెన్నుతో సంబంధం లేకున్నా ఆ 100 మందిలో 50 మంది నోటు పుస్తకం కొనేవారే. సిరా కొనేవారు ఆరుగురే ఉండవలసింది, 40 మంది కొన్నారు. కాబట్టి పెన్నుకు నిజమైన జోడు సిరాయే. విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేసి చూడవలెనని మా కోరిక.

జోడు దొరికినంత మాత్రాన పని ముగియదు. ఆ సిరా ఆ పెన్నుకు సరిపడేదై ఉండాలి. సూచనలు రెండు మూడింటికి మించరాదు. విడివిడి ధరలు, మొత్తం ధర స్పష్టంగా కనబడాలి. వద్దన్నవారికి మొదటి వస్తువు నిరాటంకంగా అందాలి.

ఇక్కడనే ప్రలోభం పొంచి ఉంటుంది. అడగని వస్తువును బుట్టలో ముందే చేర్చి, గమనించనివారి నుండి సొమ్ము రాబట్టేవారున్నారు. మన దేశంలో 2020 నాటి ఇ-కామర్స్ నియమాలు, కొనుగోలుదారు స్పష్టమైన చర్య ద్వారా తెలిపినదే సమ్మతి అనీ, ముందే గుర్తు పెట్టిన గడి సమ్మతి కాదనీ నిర్దేశించాయి. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ జారీచేసిన మార్గదర్శకాలు, ఇలా చాటుగా బుట్ట నింపడాన్ని నిషేధించిన మోసపు పద్ధతులలో చేర్చాయి.

మా విద్యార్థులలో దుకాణదారుల బిడ్డలు పలువురున్నారు. నేడో రేపో తమ తండ్రుల అంగడిని ఆన్‌లైన్‌లో తెరవబోయే వారికి మేము చెప్పదలచినది ఒక్కటే. చాటుగా చేర్చిన వస్తువు ఒకసారి అమ్ముడవుతుంది. అవసరమెరిగి చూపిన వస్తువు కొనుగోలుదారును మరల మన గడపకు రప్పిస్తుంది. బుట్ట బరువు కన్న నమ్మకం బరువు ఎక్కువని గ్రహించిన వర్తకుడే నాలుగు కాలాలు నిలుస్తాడు.