నూటా ఇరవయ్యా, వందా? మన ఓఆర్ఆర్ వేగం లెక్క

మన తెలుగులో రెండు సామెతలు ఉన్నాయి. ఒకటి, నిదానమే ప్రధానం. రెండోది, ఆలస్యం అమృతం విషం. ఇంట్లో నాన్న కారు నడుపుతున్నప్పుడు అమ్మ మొదటిది చెప్తుంది. ఎయిర్‌పోర్టుకి లేటయినప్పుడు అదే అమ్మ రెండోది చెప్తుంది! రెండూ నిజమే. కానీ రోడ్డు పక్కన బోర్డు మీద సామెత రాయలేం కదా, ఒక నంబర్ రాయాలి. ఆ నంబర్ ఎంత ఉండాలి అన్నదే ఈ వ్యాసం. దూరంగా ఎక్కడో ఉన్న రోడ్డు ఎందుకు, మన శంషాబాద్ దగ్గరున్న నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డునే తీసుకుందాం.

ముందు కొంచెం చరిత్ర

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అదే ఏడాది నవంబర్‌లో ఓఆర్ఆర్ మొదటి ముక్క, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా సుమారు 22 కిలోమీటర్లు, తెరిచారు. 2009 అక్టోబర్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఓఆర్ఆర్ వలయం మొత్తం పూర్తయ్యేసరికి 2018 అయింది. మొత్తం 158 కిలోమీటర్లు, అటు నాలుగు ఇటు నాలుగు, ఎనిమిది లేన్లు. ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికీ దిగడానికీ వీల్లేదు. బైకులకీ, నడిచేవాళ్ళకీ ప్రవేశం లేదు.

ఈ రోడ్డుని 120 వేగానికి డిజైన్ చేశారు. మొదట్లో పరిమితి కూడా 120 ఉండేది. తర్వాత 100కి తగ్గించారు. 2023లో మళ్ళీ 120 చేశారు. 40 కంటే తక్కువ వేగంతో వెళ్ళడానికి కూడా వీల్లేదన్నారు. అంటే అదే రోడ్డు, అవే మలుపులు, నంబర్ మాత్రం దిగి మళ్ళీ ఎక్కింది.

ఢిల్లీ స్థాయిలో కూడా ఇదే కథ. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2018 ఏప్రిల్ 6న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం కార్లకి ఎక్స్‌ప్రెస్‌వే మీద గరిష్ఠంగా 120, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద 100. సరుకు లారీలకి రెండు చోట్లా 80. ఇవి పైపరిమితులు మాత్రమే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలు ఇంతకన్నా తక్కువ పెట్టుకోవచ్చు. 2021 ఆగస్టులో మద్రాస్ హైకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో తీర్పు చెప్తూ ఈ నోటిఫికేషన్‌నే కొట్టేసింది, వేగాలు తగ్గించమంది. అయినా 120 బోర్డులు ఎక్స్‌ప్రెస్‌వేల మీద కనిపిస్తూనే ఉన్నాయి. అంటే ప్రభుత్వానికీ, కోర్టుకీ కూడా దీని మీద ఒకే అభిప్రాయం లేదు. కాబట్టి మనం లెక్క వేసుకుందాం.

బ్రేకు నొక్కాక ఏమవుతుంది?

బండి ఆగడానికి పట్టే దూరంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి, ఎదురుగా ఏదో ఉందని కళ్ళు చూసి, మెదడు అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదకి వెళ్ళేలోపు బండి పోయే దూరం. మన దేశంలో రోడ్లు డిజైన్ చేసేవాళ్ళు దీనికి రెండున్నర సెకన్లు తీసుకుంటారు. రెండోది, బ్రేకు పడ్డాక టైర్లు రోడ్డుని పట్టుకుని ఆపే దూరం. ఇది వేగం వర్గాన్ని, రాపిడిని బట్టి ఉంటుంది. రాపిడి గుణకం 0.35 అని తీసుకుంటారు. అరిగిన టైర్లు, తడి రోడ్డు లాంటివన్నీ మనసులో పెట్టుకుని జాగ్రత్తగా తీసుకునే విలువ అది.

లెక్క వేస్తే ఇలా వస్తుంది:

వేగం 80 అయితే: 56 మీటర్లు + 72 మీటర్లు = 128 మీటర్లు
వేగం 100 అయితే: 69 మీటర్లు + 112 మీటర్లు = దాదాపు 182 మీటర్లు
వేగం 120 అయితే: 83 మీటర్లు + 162 మీటర్లు = 245 మీటర్లు

వేగం 100 నుంచి 120కి, అంటే 20 శాతం పెరిగింది. గతిజశక్తి, అదే కైనెటిక్ ఎనర్జీ, 44 శాతం పెరిగింది. ఆగే దూరం 63 మీటర్లు పెరిగింది.

63 మీటర్లేగా అనిపిస్తుంది. ఇంకోలా చూద్దాం. రెండు కార్లు పక్కపక్కనే వెళ్తున్నాయి అనుకోండి. ఒకటి 100లో, ఒకటి 120లో. ముందు 182 మీటర్ల దూరంలో ఒక లారీ ఆగి ఉంది. ఇద్దరు డ్రైవర్లూ ఒకేసారి చూశారు, ఒకేలా బ్రేకు వేశారు. 100లో ఉన్న కారు లారీకి తగలకుండా ఆగిపోయింది. మరి రెండోది? అది లారీ దగ్గరికి వచ్చేసరికి వేగం ఇంకా గంటకి 75 కిలోమీటర్లు ఉంటుంది. పదో, ఇరవయ్యో కాదు, 75! ఆ దెబ్బ ఏడంతస్తుల మేడ మీద నుంచి పడ్డ దానితో సమానం.

"మా కారుకి ఏబీఎస్ ఉంది, టైర్లు కొత్తవి" అంటారా? సరే, రాపిడి గుణకం రెట్టింపు, 0.7 తీసుకుందాం. ఇప్పుడు 100లో ఉన్న కారు 126 మీటర్లకే ఆగిపోతుంది. అదే చోట 120 కారు వేగం ఎంత? తగ్గుతుంది అనుకుంటాం. కానీ లెక్క ఉల్టా వస్తుంది, 83! ఎందుకంటే బ్రేకులు బాగుపడ్డాయి కానీ మెదడు బాగుపడలేదు. ఆ రెండున్నర సెకన్లలో పోయే దూరం అలాగే ఉంది, ఆగే దూరంలో దాని వాటా పెరిగింది. మంచి బ్రేకులు రెండు కార్లకీ ఉపయోగపడతాయి, కానీ ఇద్దరి మధ్య తేడాని చెరిపేయవు.

ఆగి ఉన్న లారీ ఉదాహరణ ఊరికే తీసుకోలేదు. 2017 జూన్‌లో నటుడు రవితేజ తమ్ముడు భరత్ ఇదే ఓఆర్ఆర్ మీద, శంషాబాద్ దగ్గర కొత్వాల్‌గూడలో, ఆగి ఉన్న లారీని కారు గుద్దుకోవడంతో చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత పటాన్‌చెరు వైపు ఇదే రోడ్డు మీద కారు ప్రమాదంలో చనిపోయారు. పేరున్నవాళ్ళు కాబట్టి మనకి తెలిసింది. పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లుగా వచ్చేవాళ్ళు ఎక్కువమంది. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో 71 శాతం మరణాలకి కారణం అతివేగం అని కేంద్రం నివేదిక చెప్పింది.

మిగిలే టైమ్ ఎంత?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. వేగం వల్ల లాభమేంటి? గచ్చిబౌలి నుంచి శంషాబాద్ 22 కిలోమీటర్లు. 100లో వెళ్తే 13 నిమిషాల 12 సెకన్లు. 120లో వెళ్తే 11 నిమిషాలు. మిగిలింది రెండు నిమిషాల 12 సెకన్లు. రింగు మొత్తం ఒక చుట్టు తిరిగితే దాదాపు 16 నిమిషాలు మిగులుతుంది. కానీ ఎయిర్‌పోర్టుకి వెళ్ళేవాళ్ళు ఎవరూ చుట్టు తిరగరు కదా.

మన సీఎస్ఈ వాళ్ళకి ఆమ్డాల్ సూత్రం గుర్తుండే ఉంటుంది. ప్రోగ్రామ్‌లో ఒక భాగాన్ని ఎంత ఫాస్ట్ చేసినా, మొత్తం మీద లాభం ఆ భాగం వాటాని బట్టే ఉంటుంది. ఇంటి నుంచి డిపార్చర్ గేటు దాకా గంట ప్రయాణం అనుకుందాం. కాలనీ సందులు, సిగ్నళ్ళు, టోల్ గేటు, దించేచోట కార్ల క్యూ అన్నీ కలిపి 47 నిమిషాలు, ఓఆర్ఆర్ 13 నిమిషాలు. ఓఆర్ఆర్ మీద 20 శాతం వేగం పెంచితే గంట ప్రయాణం దాదాపు 58 నిమిషాలు అవుతుంది. అంతే! ఆ రెండు నిమిషాలు ఇంట్లో సూట్‌కేసు బరువు ఇంకోసారి తూచడం మానేసినా మిగులుతాయి.

మరి 60 పెట్టేస్తే పోలా?

పోదు. దీనికి కూడా కారణాలున్నాయి.

మొదటిది, రోడ్డు మీద ప్రమాదం వేగం వల్లే కాదు, వేగాల మధ్య తేడా వల్ల కూడా వస్తుంది. ఒకరు 60, వెనకాల వచ్చేవాళ్ళు 110 అయితే ప్రతి ఓవర్‌టేక్ ఒక పరీక్షే. రెండోది, వెడల్పుగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద మరీ తక్కువ నంబర్ పెడితే జనం పట్టించుకోరు. ఒక బోర్డుని నమ్మడం మానేస్తే తర్వాత నిజంగా ప్రమాదమైన మలుపు దగ్గర బోర్డుని కూడా నమ్మరు. అందుకే చాలా దేశాల్లో వంద మందిలో 85 మంది ఏ వేగం లోపల నడుపుతున్నారో చూసి, దాన్ని ఒక ఆధారంగా తీసుకుని పరిమితి పెడతారు. అమెరికా 1974లో చమురు కొరత వచ్చినప్పుడు దేశమంతా గంటకి 55 మైళ్ళు, అంటే దాదాపు 89 కిలోమీటర్లు అంది. జనం అంతగా పాటించలేదు, 1995లో ఆ చట్టాన్నే తీసేశారు. జర్మనీలో ఆటోబాన్ మీద చాలా చోట్ల పరిమితే లేదు, 1978 నుంచి 130 అనేది ఒక సలహా మాత్రమే.

అయితే ఇంకో విషయం కూడా చూడాలి. స్వీడన్ పరిశోధకుడు గోరాన్ నిల్సన్ ఒక సూత్రం చెప్పాడు. రోడ్డు మీద సగటు వేగం పెరిగితే మరణాలు సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతాయి అని. బోర్డు మీద 20 పెంచితే సగటు వేగం 20 పెరగదు, నిజమే. 100 నుంచి 105కి పెరిగింది అనుకుందాం. 1.05కి నాలుగో ఘాతం దాదాపు 1.22. అంటే సగటు వేగం ఐదు పెరిగితే మరణాలు 22 శాతం పెరగొచ్చు. రెండు నిమిషాల కోసం ఇది పెద్ద ధరే.

నా సమాధానం: ఒక నంబర్ కాదు, మూడు

నా ఉద్దేశంలో తప్పు 120లో లేదు. పగలుకీ రాత్రికీ, ఎండకీ వానకీ ఒకే 120 పెట్టడంలో ఉంది.

పగలు, రోడ్డు పొడిగా ఉన్నప్పుడు కుడివైపు లేన్లలో కార్లకి 120 ఉండనివ్వొచ్చు. రోడ్డు దానికే కట్టారు.

వానలో 100. ఇది ఊరికే అనుకున్న నంబర్ కాదు. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద రాపిడి 0.25కి పడిపోయింది అనుకోండి, 120లో ఆగడానికి 310 మీటర్లు కావాలి. మళ్ళీ ఆ 245 మీటర్లలోనే ఆగాలంటే వేగం 105 దాటకూడదు. అంటే వానలో 100 అనేది ఎండలో 120 లాంటిదే.

రాత్రి కూడా 100. లైట్లు లేని చోట లో బీమ్‌లో మనకి బాగా కనిపించేది సుమారు 60 మీటర్లు. 120లో ఆ దూరం రెండు సెకన్లలోపే అయిపోతుంది, మెదడుకి కావలసిన టైమ్ కూడా లేదు. ఓఆర్ఆర్ మీద లైట్లు ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఎయిర్‌పోర్టు రోడ్డుకి ఇంకో లక్షణం ఉంది. అమెరికా, గల్ఫ్ ఫ్లైట్లు చాలా వరకు అర్ధరాత్రి, తెల్లవారుజామున. ఆ టైమ్‌లో స్టీరింగ్ దగ్గర ఉండేది పొద్దున్నుంచీ క్యాబ్ నడిపిన అన్న, లేదా సామాన్లు సర్ది నిద్ర లేని బావగారు. వాళ్ళకి రెండున్నర సెకన్లు సరిపోవు.

ఇక శంషాబాద్ ఊరి దగ్గర 44వ జాతీయ రహదారి సంగతి వేరే. అక్కడ బస్సు కోసం నిలబడేవాళ్ళు, రోడ్డు దాటేవాళ్ళు ఉంటారు. ఊళ్ళలో 50 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అక్కడ మాత్రం అదే సరైనది.

ఎవరు పాటిస్తారు?

కెమెరా దగ్గర బ్రేకు, దాటగానే యాక్సిలరేటర్, ఇది మనందరికీ తెలిసిన టెక్నిక్. దీనికి మందు మన ఎం-వన్ సిలబస్‌లోనే ఉంది. లగ్రాంజ్ మీన్ వాల్యూ థియరమ్! ఓఆర్ఆర్ టోల్ ఎక్కిన చోటు, దిగిన చోటు చూసి వసూలు చేసేది. అంటే రెండు టైమ్‌లూ సిస్టమ్‌లో ఉంటాయి. గచ్చిబౌలిలో ఎక్కి 22 కిలోమీటర్ల దూరంలో శంషాబాద్‌లో 9 నిమిషాలకే దిగితే సగటు వేగం దాదాపు 147. సగటు 147 ఉంటే మధ్యలో ఏదో ఒక క్షణంలో కచ్చితంగా 147లో ఉన్నట్టే. ఇది గణితం, వాదించడానికి లేదు. కొత్త కెమెరా కూడా అక్కర్లేదు, ఒక తీసివేత, ఒక భాగహారం చాలు. మధ్యలో ఆగి టీ తాగినవాళ్ళు దొరకరు, నిజమే. కానీ ఆగి టీ తాగేవాళ్ళకి తొందర లేనట్టేగా!

దీనితో పాటు ఆగి ఉన్న లారీలని వెంటనే తీయించే పెట్రోలింగ్ ఉండాలి. ఎందుకంటే మన లెక్కలో చంపింది వేగం ఒక్కటే కాదు, వేగమూ, కదలని లారీ కలిసి.

మీరూ లెక్క వేయండి

1. ముందు వెళ్తున్న లారీ 80లో ఉంది, మీరు 120లో ఉన్నారు. మధ్యలో 100 మీటర్లు. ఎన్ని సెకన్లలో చేరుకుంటారు? అదే లారీ ఆగి ఉంటే?
2. ఫోన్ చూస్తూ స్పందన సమయం నాలుగు సెకన్లు అయితే, 100లో ఆగే దూరం ఎంత? అది 120లో జాగ్రత్తగా ఉన్న డ్రైవర్ కన్నా ఎక్కువా, తక్కువా?
3. మీ ఊరి నుంచి కాలేజీకి వచ్చే దారిలో ఆమ్డాల్ సూత్రం వేసి చూడండి. నిజంగా టైమ్ ఎక్కడ పోతోంది?

మూడో దానికి నాకు వచ్చిన జవాబు, పొద్దున లేవడం దగ్గర.