చిన్న అడుగులతో పెద్ద పని

తాపీ మేస్త్రీ గోడ కట్టేటప్పుడు గమనించారా? కొన్ని వరుసలు పేర్చగానే గుండు కట్టిన దారం వేలాడదీసి, గోడ నిటారుగా ఉన్నదీ లేనిదీ చూసుకుంటాడు. వంకర ఉంటే అప్పుడే సరిచేస్తాడు. గోడంతా లేచాక చూద్దామనుకుంటే కూలగొట్టి మళ్ళీ కట్టవలసిందే! కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసేవారు ఈ సంగతిని చాలా ఖరీదు చెల్లించి నేర్చుకున్నారు.

జలపాత పద్ధతి

మొదట కావలసినవన్నీ రాసుకోవడం, తరువాత నమూనా గీయడం, ఆపైన ప్రోగ్రాం రాయడం, చివరకు పరీక్షించడం – ఇది పాత పద్ధతి. నీరు పై మెట్టు నుంచి కింది మెట్టుకు దూకినట్లు పని సాగుతుంది కనుక దీనికి 'జలపాత పద్ధతి' అని పేరు. చిక్కేమిటంటే, మొదటి మెట్టులో జరిగిన పొరపాటు తరచు చివరి మెట్టులో గాని బయటపడదు.

రెండు ప్రయత్నాలు

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. తన కేసుల కాగితాలను కంప్యూటర్లలోకి మార్చదలచింది. అవసరాల జాబితాయే 800 పేజీలు దాటింది. 2001 సెప్టెంబరు దాడుల తరువాత ఆ అవసరాలు కూడా మారుతూ వచ్చాయి. దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2005లో ఆ పథకాన్ని వదలివేశారు.

2006లో 'సెంటినెల్' అనే రెండవ పథకం మొదలైంది. దానికి కేటాయించినది 45.1 కోట్ల డాలర్లు. 2010 ఆగస్టు నాటికి సుమారు 40.5 కోట్లు ఖర్చయ్యాయి. పూర్తయినవి మాత్రం నాలుగు దశలలో రెండే!

అప్పుడు సంస్థ పనిని తానే చేపట్టి, 'ఎజైల్' పద్ధతికి మారింది. ఎజైల్ అంటే చురుకైనది అని అర్థం. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది నిపుణులు సమావేశమై ఈ పద్ధతి సూత్రాలను ప్రకటించారు. పనిని చిన్న ముక్కలు చేయాలి. ఒక్కొక్క ముక్కను పనిచేసే స్థితికి తెచ్చి, వాడేవారికి చూపాలి. వారి మాటను బట్టి తరువాతి అడుగు వేయాలి.

సెంటినెల్‌లో ఒక్కొక్క విడతకు రెండు వారాలు గడువు. 2011 అక్టోబరులో ఉద్యోగుల చేత వాడించి చూడగా వ్యవస్థ రెండుసార్లు నిలిచిపోయింది. ఉన్న యంత్రాల శక్తి చాలదని ముందుగానే తెలిసింది. వాటిని మెరుగుపరచి, 2012 జులైలో సంస్థ అంతటా వాడుకలోకి తెచ్చారు.

దీనివల్ల తెలిసేదేమిటి?

చిన్న అడుగు వేస్తే తప్పు చిన్నదిగా ఉండగానే దొరుకుతుంది. అయితే ఎజైల్ అంటే ప్రణాళిక లేకపోవడం కాదు. రోజూ సమావేశాలు జరిపి, వాడేవారి మాట వినకపోతే ఫలితం సున్న. అన్ని పనులకూ ఇది ఒకేలా పనికిరాదు కూడా. సగం కట్టిన వంతెన మీద బస్సు నడిపి చూడలేము కదా!

ఆలోచించండి: మీ బడి సైన్సు ప్రదర్శనకు నమూనా తయారుచేయడానికి నాలుగు వారాలు గడువుందనుకోండి. మొదటి వారం చివర ఏ భాగాన్ని పనిచేయించి చూస్తారు? ఎవరికి చూపిస్తారు?